తొమ్మిదో నిమిషం పోరాటం

బోగోలు మండల సర్వ సమస్యల పోరాట సమితి చేపట్టిన ముప్పై ఒకటో పోరాటం సంపూర్ణ విజయం సాధించింది. అది ఎట్లా వచ్చిందో, ఎవరి మీద వచ్చిందో ప్రజలకు నివేదించడం సమితి అధ్యక్షుడిగా నా బాధ్యత. సమితి పెట్టిందీ నేనే, రబ్బరు స్టాంపు చేయించిందీ నేనే కాబట్టి అధ్యక్ష పదవికి ఎన్నిక అవసరం రాలేదు.

నా పేరు పెంచలకృష్ణ. పదో తరగతి లెక్కల్లో పోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా కరపత్రాలు చదివీ, రాసీ నేర్చుకున్నదే. నిపుణులంటే నాకు మొదటినుంచీ గిట్టదు. అందుకే సమితికి కంప్యూటరు కావాల్సి వచ్చినప్పుడు, తయారుగా ఉన్నది కొనకుండా విడిభాగాలు తెచ్చి నా చేతుల్తో నేనే బిగిస్తానని తీర్మానం పెట్టాను. హాజరైన ఐదుగురూ చేతులెత్తారు. "అర్జీలు టైపు చేయుట నిమిత్తం" అని తీర్మానంలో రాశాం. అర్జీలు టైపు చేయడానికి అంత లావు గ్రాఫిక్సు కార్డు ఎందుకని ఒక్కరూ అడగలేదు. మా సమితిలో ప్రశ్నించే హక్కు అందరికీ ఉంది. కాకపోతే ప్రశ్నలు ప్రభుత్వాన్ని అడగాలి.

కావలి బస్టాండు వెనక సందులో మస్తాన్ అనే మనిషికి చిన్న కంప్యూటర్ల దుకాణం ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాలి. దాని మీదనే అతనూ, భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ బతికేవాళ్లు. భాగాలన్నీ అట్టపెట్టెల్లో సర్దిస్తూ అతనొక మాటన్నాడు.

"అన్నా, నేను బిగించిస్తా. కూలేం వద్దు. గంట పని."

కూలి వద్దనేవాడి మనసులో ఏదో ఉంటుందని అక్కడే నిలబడి డైరీలో రాసుకున్నాను.

గంట పనిని నేను రెండు రోజుల్లో పూర్తి చేశాను. నాలుగు వీడియోలు చూశాను. రెండు తమిళంలో ఉన్నాయి; అయినా చేతులు కనిపిస్తున్నాయి కదా. చివరికి ఐదు మరలు మిగిలాయి. కంపెనీల దుబారాకు సాక్ష్యంగా వాటిని పచ్చడి సీసాలో భద్రపరిచాను. మీట నొక్కగానే లైట్లు వెలిగాయి. కొబ్బరికాయ కొట్టాం. నిపుణులకు ఇది చెంపపెట్టు అని ప్రకటన ఇచ్చాను.

ఇప్పుడు అసలు విషయం. ఒక ఆట ఉంది. అందులో మనమే నగరం కట్టాలి, మనమే దాన్ని పాలించాలి. ముప్పై ఏళ్లు ఆఫీసుల బయట ఎండలో కూర్చున్న మనిషికి లోపలి కుర్చీ ఎట్లా ఉంటుందో చూడాలని ఉండదా? నేను నగరం కట్టాను. జనాన్ని రప్పించాను. నీళ్ల సంగతి మర్చిపోయాను. సరిగ్గా తొమ్మిదో నిమిషంలో జనం అట్టలు పట్టుకుని నా కార్యాలయం ముందుకొచ్చారు. మరు ఆలోచన లేకుండా పోలీసు బొమ్మ మీద నొక్కాను. లాఠీ పైకి లేచింది. అక్కడ ఆట బిగుసుకుపోయింది. లాఠీ గాల్లో, జనం నోళ్లు తెరిచి, స్పీకర్లో ఒకటే గురగుర. మౌసు కదలదు. ఏ మీట నొక్కినా పలకదు. ఆపి మళ్లీ పెడితే మళ్లీ తొమ్మిదో నిమిషం, మళ్లీ అదే లాఠీ.

అర్జీలు టైపు చేసేటప్పుడు మాత్రం ఆ కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. దాని మీదే ఫిర్యాదు చేస్తూ రాసిన అర్జీలన్నీ అదే ఎంతో వినయంగా టైపు చేసి పెట్టింది.

సమితి తరఫున ఏకసభ్య నిజనిర్ధారణ సంఘం వేశాను. ఆ ఏక సభ్యుణ్ణి నేనే. మొదట దోషిగా తేలింది కరెంటు. రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే మా వోల్టేజి పడిపోతుందని సబ్‌స్టేషన్ ముందు బైఠాయించాం. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. ఆ మీటరు ఎవరిదని అడిగాను. మీటరు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. రెండో దోషి సముద్రపు గాలి. దాని మీద అర్జీ ఏ శాఖకు ఇవ్వాలో తేలక ఆ అంశాన్ని వాయిదా వేశాం. తర్వాత ఇంటర్నెట్లో పదిమందిని అడిగాను. ఒకడు డ్రైవర్లు మార్చమన్నాడు, మార్చాను. ఇంకొకడు మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించమన్నాడు, ఎక్కించాను. ఇంకో మేధావి "ముందు ఉష్ణోగ్రత ఎంతుందో చూడండి" అన్నాడు. మే నెలలో బోగోల్లో ఉష్ణోగ్రత ఎంతుంటుందో నాకు వీడు చెప్పాలా? వాణ్ణి బ్లాక్ చేశాను.

ఇక మిగిలింది మస్తాన్. నాసిరకం సరుకు అంటగట్టాడని తేల్చి ఫోన్ చేశాను.

"మిషను తీసుకురా అన్నా. నీ ఎదురుగానే విప్పి చూస్తా. నా సరుకుదే తప్పయితే కొత్తది ఇస్తా."

"మిషను నీ చేతికిస్తే సాక్ష్యం మాయం చేద్దామనా?"

"సాక్ష్యమేందన్నా, అది కంప్యూటరు గదా!"

మరుసటి రోజు అతని దుకాణం ముందు టెంటు వేశాం. సందు ఇరుకు కాబట్టి టెంటు ఒక కాలు అతని మెట్టు మీదనే పడింది. సమితి కార్యదర్శి నరేంద్రబాబు ఫోన్ పట్టుకున్నాడు, నేను మైకు పట్టుకున్నాను. "ఈ దుకాణంలో అమ్మేది కంప్యూటర్లు కాదు, కన్నీళ్లు!" అన్నాను. ఆ ముక్క ఒక్కటే రెండు లక్షల మంది చూశారు. ఆటలో లాఠీ గాల్లో ఆగిందన్న సంగతి ఉపన్యాసంలో చెప్పలేదు. "ప్రజా పరిపాలనకు సంబంధించిన ముఖ్యమైన పని" అన్నాను.

రిలే దీక్షలు పన్నెండు రోజులు నడిచాయి. ఎండకు ఒకాయన తూలితే మస్తానే మజ్జిగ తెచ్చి తాగించాడు. దాన్ని లొంగదీసుకునే కుట్రగా ఖండించాం. మజ్జిగ మాత్రం బాగుంది. దీక్ష చూసి మరికొందరు బాధితులు తరలివచ్చారు. రొయ్యల చెరువులో పడిన ఫోను పనిచేయడం లేదని ఒకాయన, మస్తాన్ దగ్గర కొనని ప్రింటరు మొరాయిస్తోందని ఇంకొకాయన.

పదకొండో రోజు మస్తాన్ నా పక్కన గొంతుక్కూర్చుని మెల్లిగా చెప్పాడు.

"అన్నా, బడివాళ్లు పది మిషన్లు కావాలని చెప్పినోళ్లు, వీడియో చూసి వద్దనేసినారు. ఇంకో వారం ఇట్నే ఉంటే నేను షట్టరు దించుకోని పోవాల్సిందే. నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి మిషను విప్పి చూడనియ్యి."

పోరాటం ఫలిస్తున్నదనడానికి ఇదే నిదర్శనమని మైకులో చెప్పాను.

పన్నెండో రోజు పత్రికలవాళ్లకు దోషపూరిత భాగాలు బల్ల మీద పరిచి చూపిద్దామని, ఇంట్లో కూర్చుని నేనే కంప్యూటరు విప్పాను. ప్రాసెసరు మీద ఒక ఫ్యాను ఉంటుంది. దాని కింద లోహపు దిమ్మ. ప్రాసెసరు వేడెక్కి ఆగిపోకుండా ఆ వేడినంతా లాగాల్సింది ఆ దిమ్మే. ఫ్యాను ఊడదీసి తిరగేశాను. నా భార్య వనజాక్షి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కనే ఉంది.

"ఏమయ్యా, దానికి ప్లాస్టిక్ కాగితం తీయలేదా?"

తీయలేదు. సముద్రం పక్కన బతికేవాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. ఉప్పుగాలికి ఇనుం నిలవదు. అందుకని మా ఇంట్లో కొత్త వస్తువు మీద కాగితం తీయం. ఫ్రిజ్జు కొని పదకొండేళ్లు, తలుపు మీద కాగితం అట్లాగే ఉంది. బండి సీటుకు ప్లాస్టిక్ కవరు చిరిగితే పైన ఇంకోటి తొడిగాం. ఈ కాగితం మీద "వాడే ముందు తీసివేయండి" అని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలున్నాయి. నేను చదవకపోలేదు. కంపెనీవాడు అంత గట్టిగా తీసెయ్యమంటున్నాడంటే ఉంచుకుంటే మనకేదో లాభం ఉందని గ్రహించి, ముడతలు లేకుండా చేత్తో సరిచేసి మరీ బిగించాను.

కాగితం పీకి, వేడి లాగే పేస్టు పూసి, మళ్లీ బిగించి ఆట పెట్టాను. తొమ్మిదో నిమిషం దాటింది. లాఠీ దిగింది. జనం చెల్లాచెదురయ్యారు. అంత సాఫీగా నడిచిన పరిపాలన నా ముప్పై ఏళ్ల ఉద్యమ జీవితంలో చూడలేదు.

"ఆడతా ఉండాదిలే, ఇంక లెయ్యి" అంది వనజాక్షి. "పొయ్యి ఆ టెంటు పీకించు. వాడి బిడ్డల నోటికాడ కూడు తీసినావు గదయ్యా, ఒక అట్టముక్క కోసరం."

అట్టముక్క కాదు, ప్లాస్టిక్ అని సవరించబోయి ఊరుకున్నాను.

టెంటు దగ్గర నరేంద్రబాబును పక్కకు పిలిచి సంగతి చెప్పాను.

"ఇప్పుడు చెప్తే ఎట్టన్నా? రెండు లక్షల మంది చూసినారు. వాళ్లకు ఏ మొహం పెట్టుకోని చెప్తావు?"

అయినా మైకు తీసుకున్నాను. "తప్పు నాదే. మస్తాన్‌ది కాదు. ప్లాస్టిక్ కాగితం తీయకుండా బిగించింది నేనే" అన్నాను. వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"మస్తాన్ నిన్ను కూడా కొనేసినాడా అన్నా?"

ఈ ప్రశ్న వాళ్లకు నేర్పింది నేనే. ఎవరైనా సర్దుకుందామంటే ముందు ఎవరికి అమ్ముడుపోయాడో అడగమని ముప్పై పోరాటాల్లో నూరిపోశాను. జనం లేచి నిలబడ్డారు. దీక్షలో ఉన్నాయన మెళ్లో దండ తీసి పక్కన పెట్టాడు. దుకాణం గడపలో నిలబడి మస్తాన్ నా మొహంలోకే చూస్తున్నాడు. ఇంకొక్క మాట గట్టిగా చెబితే అతని దుకాణం నిలుస్తుంది, నా సమితి పోతుంది. ఆ లెక్క మాత్రం నాకు చప్పున వచ్చింది.

"ఆ ప్లాస్టిక్ కాగితం అక్కడ పెట్టింది ఎవరు?" అని గర్జించాను.

చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు. దండ మళ్లీ మెళ్లోకి వెళ్లింది. ఈలల మధ్య మస్తాన్ మైకు దగ్గరికొచ్చి, నాకు ఒక్కడికే వినపడేట్టు అడిగాడు.

"ఇప్పుడు బాగా ఆడతా ఉండాదా అన్నా?"

"ఉండాది."

"సరేలే" అని లోపలికి వెళ్లి సామాన్లు సర్దుకున్నాడు. సాయంత్రానికి షట్టరు పడింది. ఇప్పుడు అతను రొయ్యల చెరువుల గట్ల మీద మోటార్లు బాగుచేస్తున్నాడని తెలిసింది. అతనికి ప్రత్యామ్నాయ ఉపాధి చూపిన ఘనతను కూడా సమితి తన ఖాతాలో వేసుకుంటోంది.

విజయ సభ వీడియో మీరు చూసే ఉంటారు. అందులో "తప్పు నాదే" అని నేనన్న ముక్కను నరేంద్రబాబు కత్తిరించాడు. నేనే కత్తిరించమన్నాను. అనవసరంగా శ్రమపడ్డాం. ఉంచినా మీరు అంతదాకా చూసేవాళ్లు కాదు. అప్పటికే నలుగురికి పంపేసి ఉందురు.