ఒక నంబర్ పెద్ద రిలీజర్

మా బాపు యాదగిరికి నెల్లికుదురులో చెప్పుల దుకాణం ఉంది. పిల్లలకు ఏ బూట్లు అమ్మినా ఒక నంబర్ పెద్దవే ఇస్తాడు. "పెరిగే కాలు" అని ముందు భాగంలో దూది కుక్కుతాడు. మా మండలంలో సగం మంది దూది మీద నడిచి పెద్దవాళ్లయ్యారు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. నన్ను ఎవరేమడిగినా జవాబు తనే చెప్తాడు. నాకు మాట తొందరగా రాదు, ఆయన ఆగలేడు. "నీ పేరేంది బిడ్డా?" అంటే "హిమజ" అని బాపే అంటాడు. "అన్నం తిన్నవా?" అంటే "తిన్నది" అంటాడు, నేను ఇంకా తినకపోయినా.

బడిలో టీక్యా సార్ దగ్గర ఈ మధ్యే విలువిద్య మొదలుపెట్టాను. మా విల్లు నారిని రిలీజర్‌తో లాగాలి. అది మణికట్టుకు పట్టీతో కట్టుకునే చిన్న కొక్కెం. మీట నొక్కితే నారిని వదులుతుంది. ఆదివారం మహబూబాబాద్‌లో జిల్లా ఎంపికలు. ఎవరి రిలీజర్ వాళ్లే తెచ్చుకోవాలి.

"చెయ్యి చూసి కొనాలె. శనివారం నేను కొన్ని తెస్త, పెట్టి చూద్దాం" అని సార్ బాపుకు ఫోన్‌లో చెప్పారు. బాపు ఆగుతాడా? శుక్రవారమే వరంగల్ పోయి ఒకటి తెచ్చేశాడు.

నా చేతికి కడితే పట్టీ గాజులా జారింది. వేలు ఎంత చాపినా మీట అందలేదు.

"ఏందయ్యా గిది? పిల్లకు తెచ్చినవా, పైల్వానుకు తెచ్చినవా?" అంది అమ్మ.

"పెరిగే చెయ్యి ఊర్మిళా! కాలేజీ దాంక వస్తది."

"ఎల్లుండి లోపల పెరుగుతదా?"

"పట్టీల గుడ్డ పెడ్త."

"పట్టీకి గుడ్డ పెడ్తవు. ఏలికేం పెడ్తవ్?"

బాపు నా వైపు తిరిగాడు. "హిమజా, మంచిగున్నదా?" నేను నోరు తెరిచేలోపే అమ్మతో, "మంచిగున్నదట!" అన్నాడు.

దీనితో వేస్తే నా బాణం ఎటు పోతుందో నాకు తెలుసు. కానీ ఆయన దుకాణం మూసి, బస్సులో నిలబడి పోయి తెచ్చాడు. వద్దంటే ఆ ముఖం ఎలా వాడిపోతుందో కూడా తెలుసు. పట్టీ విప్పి ఆయన చేతిలో పెట్టాను.

అమ్మ నమ్మలేదని బాపుకు పౌరుషం వచ్చింది. రిలీజర్ తన చేతికే కట్టుకుని, పెరట్లో బట్టలు ఆరేసిన తాడుకు తగిలించాడు.

"సూడు, గిట్ల దవడ దాంక గుంజాలె."

"ఏలు మీట మీద నుంచి తియ్యయ్యా."

"నాకు చెప్తవా నువ్వు?"

వేలు మీటకు తగిలి, కొక్కెంలోంచి తాడు టప్పున విడిపోయింది. ఆయన పిడికిలి ఆయన మూతినే గుద్దింది. పడిపోతూ ఆసరాకు తాడు పట్టుకున్నాడు. గుంజ ఊడి వచ్చి, అమ్మ చీరలన్నీ ఆయన మీద పడ్డాయి.

"మంచిగనే పనిజేస్తున్నది" అని చీరల కింద నుంచి వినిపించింది.

తెల్లారేసరికి పెదవి బూరెలా పొంగింది. అయినా మాతో మైదానానికి వచ్చాడు.

"హిమజా, మీ బాపు తెచ్చింది సరిపోయిందా?" అన్నారు సార్, తను తెచ్చిన రిలీజర్లు బయటికి తీస్తూ.

"హుంహిహుంహి," అన్నాడు బాపు.

"ఏమంటున్నడమ్మా?"

అమ్మకు అర్థమైంది. నాకు తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు సమజైతలేదు సార్. పిల్లనే అడుగుండ్రి" అంది.

అందరూ నన్నే చూశారు. నేను బాపు వైపు చూశాను. ఆయన కనుబొమలు పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. సార్‌కు ఆ భాష రాదు. ఎవరూ నన్ను తొందర పెట్టలేదు. మాట నెమ్మదిగా, దాని దారిన అది వచ్చింది.

"పెద్దగున్నది సార్. మీట అందుతలేదు. గా చిన్న పట్టీది పెట్టి చూస్త."

అది నా చేతి కోసమే చేసినట్టు కూర్చుంది. బాపు ముఖం నేను భయపడినంత వాడిపోలేదు. పెదవి వాపులో సరిగ్గా కనబడలేదేమో కూడా.

ఆదివారం ఎంపికైన వాళ్లలో చివరి పేరు నాది.

తర్వాతి వారం దుకాణానికి వచ్చిన ఒక అవ్వ, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని నన్ను అడిగింది. బాపు నోరు తెరిచాడు. అమ్మ తలెత్తి చూసింది. ఆయన గబుక్కున పెదవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇంకా నొస్తున్నదా?" అంది అమ్మ.

"జర," అన్నాడు. వాపు పోయి నాలుగు రోజులైంది. నేను జవాబు చెప్పేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.