సిక్సిలిక్‌లో మంత్రిగారి చుట్టరికం

ఉత్తరధ్రువ వలయానికి ఆవల సొంత చేతులతో సొంత బతుకు బతుకుతున్న చిరువ్యాపారి ఒక్కరు కూడా ఇకపై ఒంటరి కారని చిరువ్యాపారాల శాఖ మంత్రి గౌరవనీయ గ్రాహం టెల్‌ఫర్డ్ గారు మార్చి నెలలో ప్రకటించారు. ప్రకటన దక్షిణాన రాజధానిలో జరిగింది. ఆ హాలులో ఉక్కపోత ఎక్కువై కిటికీలు తెరవవలసి వచ్చిందని కూడా రేడియో చెప్పింది. పథకం పేరు 'హిమసీమ చిరువ్యాపార సమగ్ర సముద్ధరణ మహాపథకం'. రేడియోలో ఆ పేరు చదవడం పూర్తయ్యేసరికి ఆ వలయానికి ఆవలి ఊరు సిక్సిలిక్‌లో తన కొట్టులో కూర్చున్న ఆపియా సీలు తోలు చేతితొడుగుకి బొటనవేలు అతికి, దారం ముడివేసింది. ఒకప్పుడైతే ఆ వ్యవధిలో రెండు తొడుగులకు వేసేది.

ఆమె వేళ్ళు వాచి ఉన్నాయి. నర్సు వాటిని వెలుతురులోకి తిప్పి చూసి, ఇంకొక్క శీతకాలం చేతికుట్టు కుడితే ఆ తరువాత టీ కప్పు పట్టుకోవడానికి కూడా మనిషి సాయం కావాలని చెప్పింది. తోలు కుట్టే బరువైన మిషను ఒకటుంటే ఆ గొడవ ఉండదు. మిషను విమానంలో ఎక్కదు, ఓడలో రావాలి. సముద్రం మంచు విడిచాక, ఆగస్టులో, ఓడ ఏడాదికి ఒక్కసారి వస్తుంది. దానికి సరుకు బుకింగు జూన్ ఇరవైతో సరి. ఆ లోపల మంజూరు కాగితం రాకపోతే మరో శీతకాలం సూదే గతి.

అందుచేత ఆపియా దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు నలభై ఒక్క పేజీలు. పద్నాలుగో నిబంధన అన్నిటికన్నా పవిత్రమైనది: దరఖాస్తుదారు మంజూరు చేసే అధికారికి, అంటే మంత్రిగారికి, బంధువు కారాదు. అక్రమాలకు తావులేకుండా దరఖాస్తుదారు తన బంధువులందరి పేర్లూ, వయసులూ, వృత్తులూ రాయాలి. ఆపియా దాపరికం ఎరగని మనిషి. మొదటి వరుసలో ఇలా రాసింది: తల్లి, నట్సియాక్, ముప్పై ఎనిమిదేళ్ళు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు.

ఆపియాను కన్నతల్లి నట్సియాక్ చనిపోయిన ఏడాదే పక్కింట్లో మగపిల్లవాడు పుట్టాడు. ఆ పేరు వాడికి పెట్టారు. సిక్సిలిక్‌లో పేరు ఒంటరిగా రాదు, చుట్టరికాలన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. ఆ లెక్కన ఆరడుగుల పొడవూ గుబురు మీసాలూ గల నట్సియాక్ ఆపియాకు అమ్మ, ఆపియా అతని చిట్టితల్లి. ఇందులో వింత ఏముందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. రాజధానిలో దరఖాస్తులు పరిశీలించే ఉప సంచాలకుడు నోరిస్ గారికి మాత్రం తెలిసింది. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"ఆపియా గారూ, మీ వయసు యాభై ఎనిమిది. మీ అమ్మగారి వయసు ముప్పై ఎనిమిది. ఎక్కడో పొరపాటు పడ్డట్టున్నారు."

"నాకూ అనుమానం వచ్చి అమ్మనే అడిగానండీ. వచ్చే నెలకి ముప్పై తొమ్మిదిట. దిద్దుకోండి."

"ఆవిడ... దగ్గరలో ఉన్నారా?"

నట్సియాక్ ఫోను అందుకుని గొంతు సవరించుకున్నాడు. "చెప్పండి. తల్లిని మాట్లాడుతున్నాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"మీ అమ్మాయికి వ్యాపారం నడిపే సామర్థ్యం ఉందని మీరు ధ్రువీకరిస్తారా?"

"చిన్నప్పట్నుంచీ పనిమంతురాలేనండీ. చెప్పిన మాట వినదు, అదొక్కటే."

"నేనెప్పుడు వినలేదే అమ్మా?" అని ఆపియా పక్కనుంచి అరిచింది.

"మొన్న చేపలు లోపల పెట్టమంటే పెట్టావా? కాకులు తినిపోయాయా లేదా?"

నోరిస్ గారు విధినిర్వహణలో రాజీపడే మనిషి కారు. 'తల్లి గొంతు బొంగురు. క్రమశిక్షణ గల వ్యక్తి. సంబంధం ధ్రువపడింది' అని ఫైలులో రాసి, స్థానికుల చుట్టరికాలను వారు ఎలా చెబితే అలాగే నమోదు చేయవలెనని శాఖలో అందరికీ సర్క్యులర్ పంపారు. అంతటి సహృదయత ఆ శాఖలో అంతకు ముందు ఎవరూ చూపలేదు.

మే నెలలో, సూర్యుడు అస్తమించడం మానేసిన వారంలో, మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. వెంట నోరిస్ గారూ ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ ఉన్నారు. కమ్యూనిటీ హాలులో రెండువందల పదిమంది కూడారు. అంటే, అడవిబాతుల వేటకు వెళ్ళినవాళ్ళు పోగా ఊరంతా. మంత్రిగారికి ఒక చిన్న కోరిక ఉంది. కిందటి నెల మరో ఊళ్ళో సహాయమంత్రికి అక్కడివాళ్ళు తమ భాషలో పేరు పెట్టి గౌరవించారట. తనకు అంతకన్నా పెద్దమనిషి పేరు కావాలి.

ఊరికి పెద్దదిక్కు ముసలి కౌనాక్. ఆమె మంత్రిగారిని కిందినుంచి పైదాకా చూసి, ఆపియాను పక్కకు పిలిచింది.

"ఉక్పిక్ పేరు రెండేళ్ళుగా బయట చలిలో నిలబడి ఉందే. పుట్టిన పిల్లలందరికీ వేరేవాళ్ళ పేర్లే కుదిరాయి. ఇతనికి ఇచ్చేద్దామా?"

ఉక్పిక్ ఆపియా భర్త. పోయి రెండేళ్ళయింది.

"ఈయన ఒంట్లోకా?" అంది ఆపియా.

"వెచ్చగానే ఉన్నట్టున్నాడు."

నట్సియాక్ మీసం దువ్వుకున్నాడు. "అల్లుడు ఇంత మంచి కోటు వేసుకుని తిరిగొస్తాడని నేననుకోలేదు."

ఆపియా మంత్రిగారి చేతుల వంక చూసింది. ఉక్పిక్ తలుపు బాగుచేస్తానని చెప్పి వేటకు వెళ్ళే మనిషి. రెండేళ్ళు చెప్పాడు. కానీ ఆమె కుట్టు ఆపిన ప్రతిసారీ ఆ వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊదేవాడు. పేరుతో పాటు గుణం కూడా కాస్త వస్తుందంటారు. ఆపియా తలూపింది.

కౌనాక్ మంత్రిగారి భుజం మీద చెయ్యివేసి ఉక్పిక్ అని మూడుసార్లు పిలిచింది. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఫోటోగ్రాఫర్లు మరోసారి తుడుచుకోమన్నారు.

ఆ తరువాత జరగవలసినదే జరిగింది. ఆపియా టీ తెచ్చింది.

"ఏమయ్యా, చక్కెర మానేశావా, ఇంకా మూడు చెంచాలేనా?"

"ఈవిడ నన్నేమని పిలుస్తున్నారు?" అని మంత్రిగారు నట్సియాక్‌ను అడిగారు.

"మొగుణ్ణి పిలిచినట్టేనండీ."

"అహా! ఎంత ఆత్మీయత! నోరిస్, రాసుకో."

నోరిస్ గారు రాసుకున్నారు. మంచుబండ్ల మరమ్మతు షెడ్డు నడిపేవాడు ముందుకు వచ్చాడు. "అన్నయ్యా, నా రంపం నీ దగ్గరే ఉండిపోయింది. పోయేముందు చెప్పనన్నా చెప్పలేదు." టీ కొట్టు నడిపే ఆవిడ మంత్రిగారి బుగ్గ పుణికింది. "ఏరా తమ్ముడూ, అక్కడ తిండి పెట్టట్లేదా?" ఊళ్ళో ఉన్న వ్యాపారాలే మూడు. మూడింటి యజమానులూ దరఖాస్తు పెట్టినవాళ్ళే, ముగ్గురూ వరసలు కలిపారు. నోరిస్ గారు మూడూ రాసుకున్నారు.

మంత్రిగారు ఉపన్యాసానికి లేచి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నేనిక మీకు మంత్రిని కాను. ఈ హాలులో ఉన్న ప్రతి ఒక్కరూ నా బంధువులే. ఇది వట్టి నోటిమాట కాదు, రికార్డులోకి ఎక్కాలి!" అన్నారు. రికార్డులోకి ఎక్కింది. ఆపై ఆయన ఆపియా చేతులు రెండూ పట్టుకుని, ఓడ బుకింగు ముగిసేలోపు మిషను సంగతి తానే చూస్తానని మాటిచ్చి, ఫోటో కోసం రెండు నిమిషాలు అలాగే పట్టుకుని ఉంచారు. ఊదలేదు.

"తలుపు మాటేమిటట?" అని కౌనాక్ వెనకనుంచి అడిగింది. ఊరంతా నవ్వింది. మంత్రిగారు కూడా నవ్వారు, ఎందుకో తెలియకపోయినా.

జూన్ పద్నాలుగున ఉత్తరం వచ్చింది.

'మీరు మంజూరు అధికారికి భార్య అయినందున పద్నాలుగో నిబంధన ప్రకారం మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. సోదరుడు, సోదరి అయినందున మరమ్మతు షెడ్డు, టీ కొట్టు దరఖాస్తులు కూడా తిరస్కరించడమైనది. స్వంత కుటుంబం పట్ల సైతం పక్షపాతం చూపని ఈ శాఖ పారదర్శకతను మీరు హర్షిస్తారని ఆశిస్తున్నాము.'

కింద సంతకం: ఉక్పిక్ టెల్‌ఫర్డ్, మంత్రి.

ఆపియా సంతకంలోని మొదటి పేరు మీద వేలు పెట్టి కొంతసేపు అలాగే ఉంచింది. తరువాత ఫోన్ చేసింది.

"నోరిస్ గారూ, ఆయన నా మొగుడైతే మిషను కొనివ్వాలి కదండీ. కాకపోతే మంజూరు చెయ్యాలి. ఏదో ఒకటి చెయ్యమనండి."

"రెండూ వీలుపడవమ్మా. మొదటిది సొంత విషయం, శాఖ జోక్యం చేసుకోదు. రెండోది నిబంధన."

"అయితే ఆ పేరు తిరిగిచ్చెయ్యమనండి."

"లెటర్‌హెడ్ అచ్చయిపోయిందమ్మా," అన్నారు నోరిస్ గారు నిజమైన బాధతో. "అయినా మీ ఆచారంలో పేరు వెనక్కి తీసుకుంటారా?"

ఆపియా అబద్ధం చెప్పగలిగితే అప్పుడే చెప్పి ఉండవలసింది. "తీసుకోమండీ," అంది.

"చూశారా. మీ ఆచారాన్ని మేమే మీకన్నా గట్టిగా కాపాడుతున్నాం."

జూన్ ఇరవై వచ్చి వెళ్ళింది. జూలైలో మంత్రిగారు చట్టసభలో లేచి, మహాపథకం కింద సిక్సిలిక్ నుంచి పెండింగులో ఉన్న దరఖాస్తుల సంఖ్య సున్నా అని ప్రకటించారు. బల్లలు మోగాయి. ఇంత తక్కువ కాలంలో ఒక ఊరి సమస్యలన్నీ పరిష్కరించిన మంత్రి మరొకరు లేరని ప్రతిపక్షం కూడా ఒప్పుకోవలసి వచ్చింది. అర్హులైన దరఖాస్తుదారుల కోసం శాఖ మరింత విశాలంగా వెతుకుతుందని ఆయన హామీ ఇచ్చారు.

ఆగస్టు రెండో వారంలో ఓడ వచ్చింది. పిండి బస్తాలు దిగాయి, డీజిలు దిగింది, రెండు మంచుబండ్లు దిగాయి. ఆపియా ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని, ఒళ్ళో తోలు పెట్టుకుని, నాలుగు కుట్లకోసారి చెయ్యి విదిలించుకుంటూ కుడుతోంది. నట్సియాక్ ఓడ తెచ్చిన తపాలా సంచిలోంచి ఒక నిగనిగలాడే పత్రిక పట్టుకొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నీ మొగుడి శాఖవాళ్ళు పంపారే చిట్టితల్లీ. మహాపథకం తొలి లబ్ధిదారు ఎవరో దొరికారట."

"చదువమ్మా. నాకు దారం తెగుతుంది."

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. "'లబ్ధిదారు, శ్రీమతి మార్గరెట్ టెల్‌ఫర్డ్. ఊరు, రాజధాని. వ్యాపారం, తోలు తొడుగుల దుకాణం. ఆర్కిటిక్ అర్హత, దుకాణం వెనక తోళ్ళు దాచే గది, ఏడాది పొడుగునా మైనస్ రెండు డిగ్రీలు. మంజూరైనది, తోలు కుట్టే మిషను, ఒకటి.'"

ఆపియా సూది ఆగింది.

"ఇంకేం రాశారు?"

"పద్నాలుగో నిబంధన గడి ఉంది. 'మంత్రిగారితో బంధుత్వం' అని."

"ఏమని నింపారు?"

నట్సియాక్ పత్రికను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు.

"'మంత్రిగారి భార్య సిక్సిలిక్‌లో నివసిస్తున్నందున, ఏమీ లేదు.'"