ఖాళీ ప్లేటు మీద బొటనవేలు

కంటి ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఆమెను అందరూ ల్యాబమ్మ అనే పిలుస్తారు. ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని ఒక్కటే: కంటిపుండుతో వచ్చిన ఒక దర్జీ ప్లేటు చూడటం, క్రిమి పేరు రాసి డాక్టరుగారికి పంపటం. ముందురోజు ఆయన దర్జీ నల్లగుడ్డు మీది పుండును సన్నని బ్లేడుతో గీకి, క్రిములకు మేతగా జెల్లీ పోసిన ప్లేటు మీద నెలవంకల్లా గీతలు గీశారు. క్రిమి ఉంటే ఆ గీతల మీదే మొలవాలి. గీత దాటి మొలిచిందేదైనా బయటి చెత్త కింద లెక్క.

ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తాళం తీసి చూస్తే గీతల మీద ఏమీ లేదు. ప్లేటు అంచున మాత్రం ఒక బొటనవేలి ముద్ర, చర్మపు రేఖలతో సహా తెల్లగా మొలిచి ఉంది. తాళంచెవి చూస్తే నిన్నటి నుంచీ ఆమె మెడలోనే ఉంది.

మళ్లీ గీకారు. మర్నాడూ గీతలు ఖాళీ, ముద్రలు మాత్రం రెండు. చీముతో మూసుకుపోయిన కంట్లో క్రిమి లేకపోవడమేమిటి? గోడలకు చెవులుంటాయంటారు గానీ ఆ ఆసుపత్రి గోడలకు నోళ్లు కూడా ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా ఆయా ల్యాబు గుమ్మం తొక్కనంది. దర్జీ కంట్లో ఉన్నది క్రిమి కాదట, దెయ్యమట అన్న మాట తిరిగి తిరిగి అతని భార్య చెవినా పడింది. పుండేమో లోతుకు దిగుతోంది. శుక్రవారంలోగా క్రిమి ఏదో తేలకపోతే కన్ను దక్కదని డాక్టరుగారు చెప్పేశారు. సూదిలో దారం ఎక్కించి బతికేవాడి కన్ను అది.

మూడోసారి ఆమె వెళ్లి తెర వెనక నిలబడింది. పరీక్ష కోసం గది చీకటి చేశారు. వెలుగు ఉన్నది ఒక్క దర్జీ కంటి మీదే. డాక్టరుగారు బ్లేడు అందుకోవడానికి అటు తిరిగారో లేదో, చీకట్లోంచి ఒక చెయ్యి మెల్లగా పాకుతూ వచ్చి ప్లేటు మీద బొటనవేలు ఆనించింది.

ల్యాబమ్మ తెర తోసుకుని స్విచ్చి దగ్గరికి ఉరికింది. లైటు వేస్తే ఆ చెయ్యి దర్జీది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"ఏ గుడ్డయినా వేలితో తడమకుండా కత్తెర పెట్టను తల్లీ. నా కన్ను గీకి దేనిమీద పూస్తున్నారో చూసుకోవద్దూ?"

ముద్రల గుట్టు విడింది, అవి అతని వేలికున్న క్రిములు మొలిచినవి. మరి గీతలెందుకు ఖాళీ? ఆ మాట అడగ్గానే గుమ్మంలో ఉన్న భార్య చేతిలోది వీపు వెనక దాచింది. అది క్రిముల్ని చంపే చుక్కల మందు. చీము కారే కంటితో మొగుణ్ణి డాక్టరు ముందుకు తేవడం మర్యాద కాదని, మొదటిరోజు లోపలికి వచ్చే ముందు నాలుగు చుక్కలు వేసిందట. రెండోరోజు ఆరు. కంట్లో ఉన్నది క్రిమి కాదని విన్నాక, భయంతో ఈరోజు సగం సీసా.

"మురికి కన్ను చూపిస్తే మీరేమనుకుంటారోనని..." అంది తల వంచుకుని.

పైనున్న క్రిములు చస్తున్నాయి, లోపలివి తవ్వుకుంటూ పోతున్నాయి. ఇన్నాళ్లూ ల్యాబమ్మ మేత పెట్టింది శవాలకి.

సీసా లాక్కున్నారు. ఒకరోజు ఆగి, దర్జీ చేతులు రెండూ భార్య పట్టుకోగా మళ్లీ గీకారు. శుక్రవారం ఉదయానికి నెలవంకల నిండా క్రిములు కిటకిటలాడుతుంటే, ల్యాబమ్మకు సంతోషంతో ఏడుపొచ్చింది. సరైన మందు పడింది, కన్ను దక్కింది.

రిపోర్టులో బారెడు పొడవున్న క్రిమి పేరును కూడబలుక్కుని చదివిన దర్జీ భార్య, దెయ్యమే నయమంది, పిలవడానికి నోరైనా తిరుగుతుందని.