శ్రుతి మించిన సింథసైజర్

నెల్లిమర్ల హైస్కూల్లో లెక్కల మాస్టారు హరిచరణ్‌కి లోకంలో భయమన్నది లేదు, ఇంటికి పార్సిల్ వచ్చినప్పుడు తప్ప.

ఆ రోజు పార్సిల్ అతనికంటే ముందే ఇల్లు చేరింది. బండి స్టాండు వేసి లోపలికొచ్చేసరికి భార్య విశాలి అట్టపెట్టె విప్పి, లోపలున్నదాన్ని ఒళ్లో పెట్టుకుని, తెల్లమీటా నల్లమీటా నొక్కి చూస్తోంది. బజారులో బెండకాయ తుంచి చూసేటప్పుడు పెట్టే ముఖం పెట్టింది.

"బావా, ఇదేటి?"

"కీబోర్డు."

"నొక్కితే పలకదేటి?"

"అది పలకదే. మీటలే గానీ దానికి గొంతుండదు. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ల్యాప్‌టాప్ పలుకుతాది."

విశాలి దాన్ని అటూ ఇటూ తిప్పింది. "అచ్చం నీలాగే ఉన్నాది. నొక్కితే గానీ కదలవు, నొక్కినా పలకవు."

విశాలి అతనికి స్వయానా మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ బావా అని పిలుస్తోంది, చిన్నప్పటినుంచీ ఓడిస్తూనే ఉంది. తండ్రి చంద్రశేఖరం శ్రీకూర్మంలో పేరున్న సంగీతం మాస్టారు. ఆ ఇంట్లో కుక్కరు కూస్తే అది ఏ స్వరమో చెప్పాకే స్టవ్ కట్టేస్తారు. విశాలి నెల్లిమర్లలో పిల్లలకి పాట నేర్పుతుంది. ఆ చుట్టరికం మొత్తంలో సంగీతం అంటని మనిషి హరిచరణ్ ఒక్కడే.

ఏటా విశాలి తన పిల్లలచేత కచేరీ చేయిస్తుంది. ఏటా వేదిక మీద విశాలి, ముందు వరసలో మావయ్య, వెనకాల బకెట్టు పట్టుకుని పులిహోర వడ్డిస్తూ హరిచరణ్. కిందటేడు అతను గరిటె ఆపి, "కచేరీ ఎలాగున్నాది మావయ్యా?" అని అడిగాడు. ఆయన అల్లుడి వైపు కాక ఆకు వైపు చూసి, "కాస్త ఉప్పు తగ్గింది" అన్నాడు.

ఆ తగ్గిన ఉప్పు ఏడాదిగా హరిచరణ్ గుండెలో మండుతోంది. ఈసారి తానూ వేదిక ఎక్కాలి. వాయించాలి. మావయ్య కళ్లు మూసుకుని తల ఊపాలి. ఈ పార్సిల్ అందుకే.

సాయంత్రం కాఫీల వేళకి ల్యాప్‌టాప్ తెరిచి, వైరు తగిలించి, భార్యని పిలిచాడు.

"సూడు విశాలీ! మనం పుట్టకముందటి సింథసైజర్ ఇది, కరెంటుతో రకరకాల సౌండ్లు పలికించే మిషను. అసలుది బీరువా అంత ఉండేదట. ఇప్పుడెక్కడా దొరకదు. దాన్ని మొత్తం సాఫ్ట్‌వేరుగా దింపీసినారు. బొమ్మలో ఆ పక్కలకి సెక్క సూసావా, టేకు!"

విశాలి తెర మీద వేలితో రుద్దింది. "దుమ్ము కూడా దింపినారే!"

"ఆ దుమ్ము మనదే."

గొంతు సవరించుకుని అసలు విశేషానికొచ్చాడు. "ఆ పాత మిషను వేడెక్కిన కొద్దీ శ్రుతి తప్పేసేది. వీళ్లెంత గొప్పోళ్లంటే, ఆ తప్పడం కూడా అలాగే పెట్టినారు. దానికి వయసని ఒక నాబ్ ఉన్నాది. తిప్పిన కొద్దీ మిషను ముసలిదైపోతాది."

"అంటే పాడైపోయిన పెట్టెని, అంత కష్టపడీ, పాడైపోయినట్టే తయారుసేసినారు."

"ఆ లోపంలోనే అందం ఉన్నాదే!"

"ఈ ముక్క పెళ్లిసూపులనాడు సెప్పుంటే నాను కాస్త ఆలోసించుకుందును."

కచేరీకి వారం ఉందనగా హరిచరణ్ తన పథకం అమల్లో పెట్టాడు. పాటకి వెనకాల మోగే తంబురా నాదం కోసం విశాలి దగ్గర ఒక చిన్న కరెంటు పెట్టె ఉంది. అందరూ శ్రుతిపెట్టె అంటారు. దాన్ని దాస్తే ఇల్లంతా గాలిస్తుంది. అందుకని పెట్టెని వదిలేసి, దాని వైరు మాత్రం చుట్టచుట్టి, అటక మీది పాత చింతపండు జాడీలో కుక్కేశాడు. పెట్టె ఉంటుంది, మోగదు. ఇంత చక్కటి ఆలోచన తనకే వచ్చినందుకు ఆ పూట రెండు దోసెలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు అనుకున్నట్టే విశాలి సొరుగులన్నీ లాగడం మొదలెట్టింది.

"బావా, శ్రుతిపెట్టె వైరు సూసావేటి?"

"నాకేటి తెలుసే, నాకు సంగీతమే రాదు కదా," అన్నాడు, పేపరు తలకిందులుగా పట్టుకుని.

"పోనీ ఫోనులో తంబురా పెడదునా?"

"కిందటేడు మర్చిపోనావా? పాట మధ్యలో ఎవరో అమ్మాయి ఫోను సేసి, 'క్రెడిట్ కార్డు కావాలా మేడమ్' అని మండపమంతా వినిపించీసింది. మావయ్య అది పల్లవనుకుని తాళం కూడా వేసినాడు."

విశాలి నిట్టూర్చింది. హరిచరణ్ పేపరు మడిచి, అప్పుడే తట్టినట్టు అన్నాడు. "నా సింథసైజర్ ఉన్నాది కదా. తంబురా నాదం నాను ఇస్తాను. వయసు నాబ్ సున్నాలో ఉంచుతాను. నీ పక్కనే బుద్ధిగా కూర్చుంటాను."

విశాలి అతని ముఖంలోకి ఒక్కసారి చూసింది. "సరే," అంది.

పెళ్లయ్యాక ఆమె ఇంత తొందరగా సరే అనడం అదే మొదలు. తెలివున్నవాడైతే అక్కడే అనుమానపడాలి. హరిచరణ్ వెళ్లి పట్టులాల్చీ ఇస్త్రీ చేయించుకొచ్చాడు.

కచేరీనాటి ఉదయం కల్యాణ మండపం నిండిపోయింది. మైకు సెట్టు నరసింగరావుది. "హలో, హలో" అనకుండా ఇంట్లో మంచినీళ్లు కూడా అడగడు కాబట్టి ఊళ్లో అతన్ని హలో నరసింగరావు అంటారు. వేదిక మధ్యలో విశాలి, చుట్టూ పాడే పిల్లలు, పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్, కీబోర్డు, వాటి వెనక పట్టులాల్చీలో హరిచరణ్. ముందు వరసలో మావయ్య, చంకలో గొడుగుతో.

పాట మొదలైంది. హరిచరణ్ చెయ్యవలసింది ఒక్కటే, ఒక మీట నొక్కి పట్టుకోవడం. పట్టుకున్నాడు. ఒకే మీట, ఒకే వేలు. అయినా తల మాత్రం పది వేళ్లతో వాయించేవాడిలా ఊపాడు.

నాదం గుమ్ముగా, తియ్యగా మండపమంతా పరుచుకుంది. మావయ్య కళ్లు మూసుకున్నాడు. తల కొద్దిగా ఊగింది.

హరిచరణ్ ఒళ్లు పులకరించింది. అక్కడితో ఊరుకుంటే కథే లేదు. మావయ్య మరీ బాగా వినాలని ఆశపడి, సౌండు పెంచబోయాడు.

కీబోర్డు మీద వరసగా నాబులున్నాయి. చవక రకం కాబట్టి వాటి మీద పేర్లుండవు, అంకెలుంటాయి. ఏ అంకె ఏం చెయ్యాలో అతనే అమర్చుకున్నాడు. లెక్కల మాస్టారు అంకెలు మరిచిపోతాడా అని ఎక్కడా రాసుకోలేదు. ధైర్యంగా మూడో నాబ్ తిప్పాడు. సౌండు పెరగలేదు. ఇంకాస్త తిప్పాడు. చివరిదాకా తిప్పాడు.

అది వయసు నాబ్.

మిషను ఒక్కసారిగా ముసలిదైపోయింది. శ్రుతి మెల్లిగా, మొదటిసారి మెట్లెక్కే పిల్లాడిలా, పైకి బయల్దేరింది. శ్రుతి ఎటు పోతే గొంతు అటు పోవాలని విశాలి పిల్లలకి నేర్పింది. బుద్ధిమంతులు, వాళ్లూ బయల్దేరారు. అనుపల్లవికి మెడలు సాగాయి. చరణానికి మునివేళ్ల మీద లేచారు. మావయ్య కళ్లు తెరిచాడు. శ్రుతితోపాటు ఆయన కనుబొమలూ ఒక్కొక్క స్వరం పైకి పోతున్నాయి.

విశాలి కళ్లతోనే "దించు" అంది. హరిచరణ్ కంగారుగా ఇంకో నాబ్ తిప్పాడు. నాదం ఊయలూగడం మొదలెట్టింది. ఊపు హెచ్చి, హెచ్చి, అచ్చం అంబులెన్సు సైరనైంది. రోడ్డు మీద ఆటోలు పక్కకి తప్పుకున్నాయి. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి, "ఎవులికేటయినాది?" అని కేకేశాడు.

హరిచరణ్ మరో నాబ్ తిప్పాడు. సైరను కుక్కరు కూతగా మారింది. నాలుగో వరసలో ఒకావిడ, "అయ్యో, పప్పు పొయ్యిమీదుండిపోనాది!" అని చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

మీట మీంచి వేలు తీసేశాడు. ఆగలేదు. కంగారులో ఇంకేదో నొక్కినట్టున్నాడు, నొక్కిన స్వరం వదిలేది లేదని మిషను భీష్మించుకుంది. లాల్చీ తడిసి ముద్దయింది.

విశాలి చెయ్యెత్తి పిల్లలని ఆపింది. మైకు దగ్గరికి వంగి, నవ్వుతూ అంది. "శ్రుతి ఇంత పైకి మా బావ పెంచినాడు. ఇక్కడికి మా పిల్లలు అందుకోలేరు. సివరి సరణం మా బావే పాడతాడు."

మండపం దద్దరిల్లేలా చప్పట్లు.

"ఒసే, నాను పాడడమేటే?" అన్నాడు హరిచరణ్. నరసింగరావు ఎంత చురుకైనవాడంటే, అప్పటికే మైకు హరిచరణ్ నోటి ముందు పెట్టేశాడు. ఆ మాట కూడా అందరికీ వినిపించింది.

వేరే దారి లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఆ కుక్కరు కూతని అందుకోవడానికి గొంతెత్తాడు. గొంతు సగం దూరం వెళ్లి రెండు పాయలైంది. ఒకటి పైకి పోయి కీచుమంది, ఒకటి కిందనే ఉండి మూలిగింది. మనిషొక్కడు, గొంతులు రెండు. రెండింటికీ శ్రుతి కలవలేదు. పిల్లలు ఒకరి మీదొకరు పడి నవ్వారు. ఎన్నడూ పళ్లు కనపడనివ్వని చంద్రశేఖరం గొడుగు కింద పడేసి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

చరణం ముగిశాక నరసింగరావు జాలిపడి ల్యాప్‌టాప్ వైరు పీకేశాడు. విశాలి సంచీలోంచి శ్రుతిపెట్టె తీసి, తీరిగ్గా వైరు తగిలించి మీట నొక్కింది. తంబురా హాయిగా మోగింది. కచేరీ దివ్యంగా సాగింది. హరిచరణ్ మెల్లిగా వేదిక దిగి పులిహోర బకెట్టు దగ్గరికి పోయాడు.

భోజనాల దగ్గర ఆమె పక్కకి వచ్చి కూర్చుంటే, గొంతు తగ్గించి అడిగాడు. "వైరెక్కడ దొరికినాదే?"

"పులిహోరకి పాత సింతపండైతే బాగుంటాదని జాడీలో సెయ్యెట్టినాను. పిడికెడు సింతపండుతో బారెడు వైరు వచ్చీసింది."

"మరి తెలిసీ నన్నెందుకు ఎక్కనిచ్చావు?"

"సరదా పడ్డావు కదా బావా. సక్కగా వాయిస్తే సంతోషమే అనుకున్నాను. తేడా వస్తే పెట్టె సంచీలో ఉన్నాది కదా." ఆమె అతని ఆకులో ఇంకో గరిటెడు వడ్డించింది. "ముందు నిజంగానే బాగున్నాది. నాన్న తల ఊపినాడు, నాను సూసాను."

ఆ మాటతో అతని ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంతలో నరసింగరావు పరుగున వచ్చాడు.

"హలో, హలో, మాస్టారూ! వచ్చే ఆదివారం పాతపట్నంలో మా మేనల్లుడి కొడుకు బారసాల. మీ ఐటెం ఒకటి పెట్టించాలండి."

హరిచరణ్ ముఖం వెలిగిపోయింది. "తప్పకుండానండి! సింథసైజర్‌లో ఇంకో కొత్త సౌండు ఉన్నాది, అది కూడా..."

"మిషనెందుకండీ? మీరొక్కరూ వస్తే సాలు. ఆ గొంతు సాలు."

"అబ్బే, నాను పాడనండి," అన్నాడు హరిచరణ్.

"వస్తాడు," అంది విశాలి.

ఆదివారం పాతపట్నంలో ఉయ్యాల ముందు చుట్టాలంతా చేరారు. నరసింగరావు మైకు తీసుకుని, "హలో, హలో, ఇప్పుడు నెల్లిమర్ల సింథసైజర్ ప్రోగ్రాము!" అన్నాడు. చిన్న బల్ల మీద శ్రుతిపెట్టె, దాని వెనక విశాలి, పక్కన నిలబడి హరిచరణ్. అంతకంటే ఏమీ లేదు.

ముందు కూర్చున్న ముసలమ్మ మెడ సాచి వెతికింది. "సింథసైజరేదిరా బాబూ?"

"ఎదురుగా నిలబడ్డాడు కదమ్మా!" అన్నాడు నరసింగరావు.

హరిచరణ్ బిక్కముఖంతో పక్కకి చూశాడు. విశాలి వేళ్లు శ్రుతిపెట్టె నాబ్ మీదున్నాయి.

"మొదలెట్టు బావా," అంది. అతను గొంతెత్తగానే ఆ నాబ్‌ని నెమ్మదిగా, ఎంతో ప్రేమగా, పైకి తిప్పడం మొదలెట్టింది.