మంత్రిగారు తవ్వించిన బావి

“ఈ దీవి ఇకపై దీవి కాదు, దేశానికే దీపం!” అని చమురు శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ దీపంలో పొయ్యడానికి కావలసిన చమురు కూడా దీవి అడుగునే ఉందనీ, మొదటి బావి పని సోమవారమే మొదలవుతుందనీ సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారి వెనకాల నిలబడ్డ పీఏ అందరికంటే గట్టిగా కొట్టాడు. అది అతని ఉద్యోగం. పైగా అతని అక్క కాపురం ఆ దీవిలోనే.

నిజానికి దీవిలో చమురుందని ఎవరూ అనలేదు. ఎన్నికలప్పుడు అక్కే ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వెళ్ళి ఆయన పడవకు అడ్డం నిలబడింది. “మాకింకేం వద్దు బాబూ, ఒక్క బావి తవ్వించండి చాలు” అంది. దీవిలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. అవతలి ఒడ్డు నుంచి సర్కారు పడవ తెచ్చే మంచినీళ్ళ కోసం బిందెలతో కొట్టుకు చస్తున్నారు. ఆయన సరేనన్నారు. గెలిచాక ఆయనకు చమురు శాఖ వచ్చింది. చమురు శాఖ చమురు బావి కాక ఇంకేం తవ్వుతుంది? ఇంత నికార్సుగా మాట నిలబెట్టుకున్న నాయకుణ్ణి పీఏ తన సర్వీసులో చూడలేదు.

రిగ్గు దిగింది. రేకుల షెడ్లు లేచాయి. హెలిప్యాడ్ కోసం బడి ఆటస్థలాన్ని చదును చేశారు. పిల్లలు ఆడుకోవడానికి వేరే చోటు చూపిస్తామని బోర్డు కూడా పెట్టారు. అలా ఉండగా ఒక ఉదయం డ్రిల్లింగ్ ఇంజనీరు నిలువునా తడిసి పీఏ షెడ్డులోకి పరిగెత్తుకొచ్చాడు.

“పడింది సార్!”

“చమురేనా?”

“నీళ్ళు సార్. మంచినీళ్ళు! తాగి చూశాను, తియ్యగా ఉన్నాయి.”

పీఏ బావి దగ్గరికి వెళ్ళేసరికే అక్క బిందె నింపుకుంది. ముఖం కడుక్కుని, తమ్ముడి నెత్తిన కూడా ఇన్ని చల్లింది. “మీ మంత్రి చల్లగా ఉండాలిరా” అంది. పీఏకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ తడి తలతోనే మంత్రిగారికి ఫోన్ చేశాడు.

“నీళ్ళా? ఎవరికైనా చెప్పావా?”

“లేదు సార్. కానీ జనం చాలా సంతోషంగా…”

“సంతోషం సరేనయ్యా, అది ఎవరి ఖాతాలో పడుతుంది? నీళ్ళంటే జలవనరుల శాఖ. ఆ శాఖ ఎవడిది?”

అది మంత్రిగారి తోడల్లుడిది. ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

“నేను తవ్వించిన బావికి వాడొచ్చి రిబ్బన్ కత్తిరిస్తాడా? శుక్రవారం ప్రెస్సు వాళ్ళను తీసుకొస్తున్నా. బావిలో చమురుండాలి.”

పీఏ నీళ్ళు నమిలాడు. “లేదు కద సార్…”

“లేకపోతే పొయ్యండి!”

చమురు పీపాలు పడవలో వచ్చాయి. “బంగారం లాంటి బావి పాడైపోతుంది సార్, నా వల్ల కాదు” అని ఇంజనీరు సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. “ఆ పీపాలేంట్రా?” అని అక్క అడిగింది. “మెషీన్లకి అక్కా” అన్నాడు పీఏ. అబద్ధం చెప్పినందుకు సిగ్గేసింది. ప్రెస్సు వాళ్ళకు కుర్చీలు వేయించే హడావిడిలో పడి ఆ సిగ్గు సంగతి మరిచిపోయాడు.

శుక్రవారం మంత్రిగారు వాల్వు తిప్పారు. నల్లటి చమురు ఎగిరి ఆయన తెల్లచొక్కా మీద పడింది. దేశసేవలో పడిన మరకను తుడుచుకోనని ఆయన అనడంతో విలేకరులు చలించిపోయారు. మరుసటి వారం ఆర్థిక శాఖ కూడా చలించి, చమురు దీవి వాళ్ళకు ఉచితంగా నీళ్ళేమిటని సర్కారు పడవను ఆపేసింది. అక్క తమ్ముడితో మాటలు మానేసింది. అది అతనికి నిజంగానే గుచ్చుకుంది.

ఇంత తొందరగా చమురు తీసిన మనిషి చిన్న శాఖలో ఉండకూడదని ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన మంత్రివర్గాన్ని మార్చారు. మన మంత్రిగారికి జలవనరులు, తోడల్లుడికి చమురు దక్కాయి. ప్రమాణస్వీకారం అయీ అవగానే పీఏకి ఫోనొచ్చింది.

“ఆ బావిలో నీళ్ళు పడ్డాయన్నావు కదూ? ఇప్పుడు ప్రకటించెయ్. చమురు లేకపోవడం ఇక వాడి అసమర్థత.”

“ఇప్పుడా నీళ్ళు నోట పెట్టుకునేలా లేవు సార్. ఎంత తోడినా చమురు కంపే.”

“పోయినసారి ఏం చేశావు? ఇప్పుడూ అదే చెయ్!”

పీపాల పడవ మళ్ళీ వచ్చింది. రేవులో ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ ముందు నుంచే కూలీలు పీపాలను బావి వైపు దొర్లించుకుపోయారు. అక్క ఉండబట్టలేక అన్నాళ్ళకు నోరు విప్పింది.

“ఏరా తమ్ముడూ, వాటిల్లో ఏముంది?”

“మంచినీళ్ళే అక్కా. ఒట్టు.”

“మరి ఆ పాడుబావిలో ఎందుకురా? మా బిందెల్లో పొయ్యండి!”

అక్క అమాయకత్వానికి పీఏ మనసు కరిగిపోయింది.

“ప్రారంభోత్సవం కాకుండా ఎలా తాగుతారక్కా?” అని నచ్చజెప్పి, మొదటి పీపాను బావిలోకి వంచమన్నాడు.