బసమ్మ గోడ మీది పాస్‌వర్డ్

ఆ రోజు పొద్దున అనంతమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలు దీక్షిత పన్నెండు గంటల లోపు డిగ్రీ కాలేజీల ఆప్షన్లు లాప్‌టాప్‌లో పెట్టాలి. ఆ పక్కన కూర్చుని తను అల్లం పొట్టు గీకాలి. మొదటి ఆప్షన్ హైదరాబాద్, హాస్టల్‌తో సహా. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. అనంతమ్మ చదువు నేర్చుకున్నదే హైవే మీద బస్సుల బోర్డులు చూసి. ఎవరిని ఎక్కించి వచ్చినా, వాళ్ళను తీసుకుపోయిన ఊరి పేరు కూడబలుక్కుంటూ ఇంటికి నడిచేది. ఇంగ్లీషు అక్షరాలు లారీల నంబర్లు నేర్పాయి. చదవడమే వచ్చింది, రాయడం రాలేదు.

పదిన్నరకు పేజీ తెరుచుకోవడం మానేసింది. దీక్షిత ఫోన్‌లో డేటా అప్పటికే ఖతం.

"నానమ్మా, మన నెట్ ఎవరో గుంజుతున్నరు!"

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్న కొడుకు మహిధర్‌కు ఫోన్ చేశారు. రూటర్ సెట్టింగుల్లోకి ఎట్లా పోవాలో చెప్పి, "పరాయోళ్ళందర్ని బ్లాక్ చెయ్యి బిడ్డా" అని పెట్టేశాడు.

సెట్టింగుల్లో పదకొండు పరికరాలు కనిపించాయి. ఇంట్లో ఉన్నవి దీక్షిత ఫోనూ లాప్‌టాపూ, రెండే. అనంతమ్మది మీటల ఫోను. ఆ గల్లీలో పెరుగు తోడు అడిగితే లేదనే అలవాటు లేదు. పాస్‌వర్డ్ కూడా గిన్నెలు మారినట్టే ఇల్లిల్లూ మారింది.

"గీ టీవీ ఎదురింటి బసమ్మది. మొదలు దాన్ని పీకు," అంది అనంతమ్మ.

దీక్షిత వరసగా పీకుతూ పోయింది. తన ఫోన్ కంపెనీ పేరు ఒకచోట, లాప్‌టాప్ కంపెనీ పేరు ఒకచోట కనబడితే, ఇవి మనవేనని ఆ రెండింటినీ వదిలింది. చివరి రెండింటికి పేర్లే లేవు, ఒట్టి అంకెలు.

"పేరు చెప్పుకోనోడు దొంగ గాక ఇంకెవడు? తీసెయ్."

తీసేసింది. మరుక్షణం ఫోనూ పోయింది, లాప్‌టాపూ పోయింది.

"అయ్యో నానమ్మా, మనల్ని మనమే పీకేసుకున్నం!"

మళ్ళీ మహిధర్. "రూటర్ ఎనక సన్న బొక్క ఉంటది. పిన్నీసు వెట్టి పది లెక్కవెట్టున్రి. నేను మార్చక ముందటి పాత పాస్‌వర్డ్ వస్తది. అది కింద స్టిక్కర్ మీద ఉంటది."

అనంతమ్మ గాజులకున్న పిన్నీసు తీసి గుచ్చింది. ఎందుకైనా మంచిదని నలభై దాకా లెక్కపెట్టింది. రూటర్ తిప్పి చూస్తే స్టిక్కర్ నిండా పసుపు, దాని మీద కుంకుమ. దసరాకు కత్తిపీటకూ కుట్టుమిషన్‌కూ స్కూటర్‌కూ బొట్లు పెట్టిన చేత్తోనే ఆమె దీనికీ పెట్టింది. పెట్టెకు ముఖం ఎటో తెలియక అన్నివైపులా పెట్టింది. తడిబట్టతో తుడిస్తే కుంకుమతో పాటు అక్షరాలూ ఊడివచ్చాయి.

పదకొండున్నరకు గేటు చప్పుడైంది. ఎదురింటి బసమ్మ.

"అనంతక్కా, మా టీవీ బందైంది. మీది గూడ అంతేనా?"

ఆమె వెనకాలే టైలర్ రామ్‌కిషన్, మెడలో టేపుతో. "ఏమైందమ్మా? ఇందాక నెట్ మస్తు ఉరికింది, ఎన్నడు గట్ల ఉరకలే. ఇప్పుడే ఆగింది."

మనవేనని వదిలిన రెండూ రామ్‌కిషన్ ఇంటివని అప్పుడు తెలిసింది. దీక్షిత ఏడుపు ఆపుకుంటూ జరిగినదంతా చెప్పింది. బసమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అంటే మొట్టమొదలు నన్నే పీకినవా అక్కా? నీ పాత పాస్‌వర్డ్ మా వంటింటి గోడ మీద ఉంది. కనెక్షన్ వెట్టినోనికి ఛాయ్ వోసి రాయించుకున్న. నాకు చదువ రాదు, నువ్వే వచ్చి చదువుకో. జర ముందుగాల 'బసమ్మా, తప్పైంది' అను."

"తప్పైంది. నడువు."

దీక్షితను లాప్‌టాప్ ముందే ఉంచి అనంతమ్మ ఎదురింటికి దాటింది. బియ్యం డ్రమ్ము పైన, గోడ మీద పెన్సిల్‌తో ఎనిమిది అక్షరాలు. టైము పదకొండూ యాభై. రాసుకుపోదామంటే అనంతమ్మకు రాయడం రాదు. ఆ గల్లీలో ఎదురింటికి కబురు కిటికీలోంచే పోతుంది. ఆమె ఊచలు పట్టుకుని, ప్యాసింజర్లను పిలిచే క్లీనర్ గొంతుతో ఒక్కొక్కటీ అరిచింది. ఎదుటి కిటికీలో దీక్షిత ఒక్కొక్కటీ కొట్టింది.

ఏడు అయ్యాయి. ఎనిమిదోది నాలుగు. ఓ పక్క నుంచి చూస్తే తొమ్మిదిలాగా కూడా ఉంది. తొమ్మిది అంటే చాలు, పన్నెండు దాటిపోతుంది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. తప్పు పెన్సిల్ మీదికి పోతుంది.

"నానమ్మా! ఆఖరుది?"

అనంతమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. నాలుగు నాలుగే.

"నాలుగూ!" అని ఇంతకు ముందరికన్నా గట్టిగా అరిచింది.

నాలుగు నిమిషాలకు ఎదుటి కిటికీలో దీక్షిత ఎగిరి గంతేసింది. హైదరాబాద్ మొదటి ఆప్షన్‌గా ఎక్కింది.

సాయంత్రం మహిధర్ డ్యూటీ దిగి వచ్చి సెట్టింగులు తెరిచాడు. "అందర్ని బ్లాక్ జేసినం అన్నవు గదనే అమ్మా, పందొమ్మిది చూపిస్తుందేంది?"

పొద్దున పదకొండే. అప్పటిదాకా పాస్‌వర్డ్ తెలియని ఇళ్ళవాళ్ళు కూడా ఎవరి కిటికీలో వాళ్ళు కూర్చుని రాసుకున్నారు. గల్లీలో అక్షరం పొల్లుపోకుండా విననివాళ్ళు లేరు.

అనంతమ్మ తల ఎత్తకుండా మిగిలిన అల్లం గీకుతూ అంది: "జులైల దీక్షిత పోతే రెండు తగ్గుతయి తియ్."