పైకప్పుకి నిధి ఎందుకండీ?

సొంత ఇంటి ఖర్చులంటే భయపడేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ఇల్లు కొనేశాక కూడా నెలనెలా దానికి డబ్బు సమర్పించుకోవడం కంటే మనిషికి అదృష్టం ఇంకేముంది? ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కొన్నాక అందులో ఉండి చూడు అనడం ఎందుకో మర్చిపోయారు!

మాది టౌన్‌హౌస్. అంటే ఆరిళ్ళు గోడకి గోడ ఆనుకుని వరసగా నిలబడతాయి, అన్నిటికీ కలిపి పైకప్పు ఒకటే. మాది చివరి ఇల్లు. మూడు వైపుల నుంచీ గాలీ వెలుతురూ వస్తాయని అమ్మినాయన చెప్పాడు. వాన కూడా మూడు వైపుల నుంచీ వస్తుందని చెప్పలేదు. పాపం, ఆ రోజు తొందరలో ఉన్నాడు.

అద్దె ఇంట్లో ఉన్నప్పుడు అదేం బతుకండీ! కుళాయి కారితే ఓనరుకి ఫోన్ చేసి హాయిగా పడుకునేవాణ్ణి. మనిషన్నాక ఎదుగుదల ఉండొద్దూ? ఇప్పుడు ఏ కుళాయికి ఏ సైజు వాషరో నిద్రలో అడిగినా చెప్తాను. గీజరు వారంటీ మంగళవారంతో ముగిసింది. బుధవారం పొద్దున్నే చన్నీళ్ళు వచ్చాయి. యంత్రానికి అంత క్రమశిక్షణ ఉందని అద్దెకున్నవాడికి తెలిసే అవకాశం ఉందా?

బంధుత్వాలు తరిగిపోతున్నాయని బాధపడేవాళ్ళు వెంటనే ఇల్లు కొనుక్కోవాలి. మా బావమరిది ఏడాదికోసారి వస్తాడు. ప్లంబరు నెలకి రెండుసార్లు వస్తాడు. మా ఇంట్లో చెంచాలు ఎక్కడుంటాయో బావమరిదికి తెలియదు. ప్లంబరుకి తెలుసు. నాలుగు చెంచాలు సింకు గొట్టంలోంచి ఆయనే తీశాడు.

ఇక చదువు సంగతి. ఇన్సూరెన్సువాళ్ళు ఏటా ఒక పుస్తకం పంపిస్తారు. ఏమేం పాడైతే డబ్బు ఇవ్వరో అందులో పద్నాలుగు పేజీల్లో ఉంటుంది. ఏమేం పాడైతే ఇస్తారో మాత్రం వెతుక్కోవాలి. ఇంత ఉత్కంఠ ఈ మధ్య ఏ నవలలో దొరుకుతోంది చెప్పండి!

మా ఆవిడ మాత్రం ఈ అదృష్టాన్ని గుర్తించదు. ఆవిడ టైలరు. పై గదిలో కుట్టుమిషను, కటింగ్ బల్ల, కొక్కేలకి కస్టమర్ల కోట్లు. మా ఇంట్లో నిలకడగా వచ్చే సంపాదన ఆ గదిలోంచే వస్తుంది. రచయిత సంపాదన సంగతి మీకు తెలియనిది కాదు. ఇల్లు కొన్న మొదటి నెలలోనే ఆవిడ ఒక కాగితం పట్టుకొచ్చింది.

"ఏమండీ, ఇంటి ధరలో వందో వంతు ఏడాదికి పక్కన పెడదాం. గీజరు వారంటీ ఇంకెన్నాళ్ళో లేదు. కప్పుకి ఇరవై దాటాయి. ఎప్పుడో ఒకప్పుడు పోతాయిగా?"

"పోయినప్పుడు చూద్దాంలే."

"పోయినప్పుడు చూడ్డానికి మన దగ్గర ఏముంటుంది?"

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడకండి అని కూడా అంది. నేను బేరమాడితే ఒట్టు. అసలు అంకుశమే కొనలేదు!

ఆరిళ్ళకీ కలిపి మాకొక సంఘం ఉంది. రిటైరైన బ్యాంకు ఆఫీసరు ప్రెసిడెంటు. నెలవారీ మెయింటెనెన్సు కాస్త పెంచి పైకప్పుకి నిధి పెడదామని ఆయన ఏటా అడుగుతాడు. మూడేళ్ళు వరసగా నేనే లేచి నిలబడి, "రాని వానకి ఇప్పుడే గొడుగెందుకండీ?" అన్నాను. మూడేళ్ళూ చప్పట్లే. నాకు 'పొదుపు మాస్టారు' అని పేరు కూడా పెట్టారు. పత్రికల్లో పాతికేళ్ళుగా రాస్తున్నా ఒక్క బిరుదు రాలేదు, మెయింటెనెన్సు పెరగకుండా అడ్డుపడితే వచ్చింది.

ఈ ఏడు వాన వచ్చింది.

ఇంటర్వ్యూ కోసం ఒకమ్మాయి కుట్టించుకున్న క్రీమ్ రంగు కోటు మీద, సరిగ్గా కాలరు దగ్గర, కప్పులోంచి కారి తుప్పు నీళ్ళు పడ్డాయి. మా ఆవిడ తన డబ్బుతో బట్ట కొని, రెండు రోజులు కూర్చుని మళ్ళీ కుట్టిచ్చింది. కప్పు బాగుచేసే మేస్త్రీ పైకెక్కి చూసి, దిగివచ్చి చేతులు దులుపుకున్నాడు. "అతుకులు వేస్తే ఆగదు సార్. మొత్తం మార్చాలి. ఆరిళ్ళవాళ్ళూ కలిస్తేనే పని."

"ఇంకో కోటు తడిస్తే నా దగ్గరికి ఎవరూ రారండీ," అంది ఆవిడ. "ఆదివారం మీటింగులో నిధికి చెయ్యెత్తండి చాలు. ఇంకేం అడగను."

మాటిచ్చాను. నిజంగానే ఇచ్చాను.

మీటింగులో లెక్క కూడా అనుకూలంగానే ఉంది. ప్రెసిడెంటుతో కలిపి ముగ్గురు ముందే ఒప్పుకుని చేతులెత్తారు. నా చెయ్యి నాలుగోది. ఎత్తడమే తరువాయి! ఇంతలో మధ్య ఇంటి డెంటిస్టు, "ముందు మన పొదుపు మాస్టారు నాలుగు ముక్కలు మాట్లాడాలి!" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

"నేను అనుకూలం" అని రెండు మాటలు చెప్పి కూర్చుందామనే లేచాను. కానీ అందరూ నవ్వడానికి సిద్ధంగా నా మొహంలోకి చూస్తున్నారు. మునగచెట్టు ఎక్కించాక దిగడం అంత తేలికా? నోరు దానంతట అదే "రాని వానకి..." అని మొదలెట్టింది. కిటికీ బయట వాన దంచి కొడుతోంది. అయినా జనం పడీ పడీ నవ్వారు. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒప్పుకున్న ముగ్గురూ, ఆఖరికి ప్రెసిడెంటు కూడా, నవ్వుతూ నవ్వుతూ చేతులు దించేశారు.

వెనక వరసలో ఒక్క చెయ్యి మాత్రం లేచే ఉంది. అది మా ఆవిడది. ఇంటికి ఒకటే ఓటు. మా ఇంటిది నా ప్రసంగంతోనే చెల్లిపోయింది కాబట్టి ఆ చేతిని లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు ప్లంబరు సాయం పట్టగా కుట్టుమిషను కిందికి, హాల్లో నా రాతబల్ల ఉండే కిటికీ పక్కకి దిగింది. నా రాతబల్ల పైకెక్కింది.

"కాగితం తడిస్తే మళ్ళీ రాసుకోవచ్చు," అంది ఆవిడ, మిషనులోకి దారం ఎక్కిస్తూ. "కోటు తడిస్తే మళ్ళీ కొనివ్వాలి."

ఇది పై గదిలోంచే రాస్తున్నాను. నిమిషానికి పదకొండు చుక్కలు పడుతున్నాయి. కుడివైపు బకెట్టు, ఎడమవైపు గిన్నె, ఒళ్ళో కాగితాలు. మొదటి రెండు పేజీలు ఇప్పటికి మూడుసార్లు రాశాను. ఇంటి ఖర్చులు వరమని ఇప్పటికీ అంటాను, ఎందుకంటే ముందే డబ్బు పక్కన పెట్టుకున్నవాళ్ళకి అవి నిజంగానే వరం.

మీరూ ఇలాంటి ఇల్లు కొంటే, ఏదో ఒక మీటింగులో నాలాంటివాడు లేచి సరదాగా మాట్లాడతాడు. నవ్వండి, తప్పులేదు. ఎత్తిన చెయ్యి మాత్రం దించకండి.